మీ బిడ్డకు వినిపిస్తోందా? నెల, 3 నెలలు, 6 నెలలు – ఈ మూడు గడువులు తప్పొద్దు

(పుట్టుకతో వచ్చే వినికిడి లోపం: పరీక్షలు, ఉచిత చికిత్స, పథకాలు – తెలంగాణ కుటుంబాల కోసం)

ఈ సమాచారం ఎవరి కోసం?

• ఇంట్లో చంటిబిడ్డ ఉన్న తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు
• గర్భిణులు
• ఏడాదిన్నర దాటినా మాటలు రాని పిల్లలున్న కుటుంబాలు
• ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు

మొత్తం చదవడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఇప్పుడు తీరిక లేకపోతే "మూడు గడువులు", "ఎక్కడికి వెళ్లాలి?" అనే భాగాలు ముందు చదవండి. మిగతాది రాత్రికి చదువుకోవచ్చు.

చప్పట్లు కొడితే చూశాడు కదా!

ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. బాబుకు ఎనిమిది నెలలు. బొద్దుగా ఉన్నాడు, నవ్వుతున్నాడు, పాకుతున్నాడు. పిలిస్తే మాత్రం తిరగడం లేదని తల్లికి అనుమానం వచ్చింది. నాయనమ్మ వచ్చి బాబు వెనకాల స్టీలు పళ్లెం ధన్‌మని పడేసింది. బాబు ఉలిక్కిపడ్డాడు. "చూశావా, బంగారంలా వినిపిస్తోంది. వీళ్ల నాన్నకు కూడా మూడేళ్లకే మాటలొచ్చాయి" అంది. అందరికీ ప్రాణం కుదుటపడింది. ఆ మాట మీద రెండేళ్లు గడిచిపోయాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరికీ బిడ్డ మీద ప్రేమే. కానీ ఆ పరీక్ష సరైనది కాదు. పళ్లెం పడితే నేల అదురుతుంది. చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, చేతి నీడ కదులుతుంది. ఎదుటివాళ్లు ఎటు చూస్తే బిడ్డ కూడా అటు చూస్తాడు. వినిపించని పిల్లల కళ్లు, చర్మం ఇంకా చురుగ్గా ఉంటాయి. పైగా కొందరికి పెద్ద శబ్దాలు వినిపిస్తాయి, మామూలు మాట మాత్రం వినిపించదు. బిడ్డ మాట నేర్చుకునేది పళ్లెం చప్పుడుతో కాదు, అమ్మ మాటతో.

అందుకే ఈ కాగితంలో చెప్పే అసలు విషయం ఒక్కటే: చెవి సంగతి ఇంట్లో తేలదు, మిషన్ పరీక్షతోనే తేలుతుంది. ఆ పరీక్ష పుట్టిన నెలలోపే చేయించాలి.

వినిపించకపోతే మాట ఎందుకు రాదు?

బిడ్డ తల్లి కడుపులో ఉండగానే, ఆరో నెల దాటేసరికి, శబ్దాలు వినడం మొదలుపెడుతుంది. పుట్టాక మొదటి మూడేళ్లలో మెదడు మాటను పట్టుకోవడం నేర్చుకుంటుంది. ఈ కాలంలో చెవి నుంచి మెదడుకు శబ్దం అందకపోతే, మాట కోసం సిద్ధంగా ఉన్న ఆ దారులు బలపడవు. తర్వాత ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా నేర్చుకోవడం కష్టమవుతుంది. పొలానికి అదునులో నీళ్లు కావాలి. అదును దాటాక ఎన్ని నీళ్లు పెట్టినా పంట అంతంతమాత్రమే.

చాలామంది ఇలాంటి పిల్లలను "మూగ" అంటారు. అది సరికాదు. వీళ్లలో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది, నాలుక బాగానే ఉంటుంది. మాట వినిపించలేదు కాబట్టి మాట రాలేదు, అంతే. సమయానికి వినిపించే ఏర్పాటు చేస్తే ఈ పిల్లల్లో చాలామంది మాట్లాడతారు, మామూలు బడిలో చదువుకుంటారు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి శాశ్వత వినికిడి లోపం ఉంటుంది. చూడ్డానికి బిడ్డలో ఏ తేడా కనిపించదు. అందుకే ఇది దాగి ఉండే లోపం.

మూడు గడువులు

1. నెలలోపు – మొదటి చెవి పరీక్ష పూర్తి కావాలి.
2. మూడు నెలలలోపు – మొదటి పరీక్షలో అనుమానం వస్తే, లోపం ఉందో లేదో, ఎంత ఉందో పూర్తి పరీక్షతో తేలాలి.
3. ఆరు నెలలలోపు – లోపం ఉంటే వినికిడి మిషన్, మాట శిక్షణ మొదలు కావాలి.

ఈ పని ఈరోజే చేయండి: మీ దగ్గరున్న తల్లీబిడ్డల కార్డు మీద ఈ మూడు తేదీలు పెన్నుతో రాసుకోండి. బిడ్డ జూన్ 10న పుడితే జులై 10, సెప్టెంబర్ 10, డిసెంబర్ 10 అని రాయాలి. టీకాల తేదీ లాగే ఇవి కూడా తప్పకూడని తేదీలు.

ఇప్పటికే గడువు దాటిందా? దాటిపోయిందని ఆగిపోకండి. ఏడాది బిడ్డకైనా, మూడేళ్ల బిడ్డకైనా ఈ వారంలో తీసుకెళ్లడం వచ్చే నెలలో తీసుకెళ్లడం కంటే మేలు.

ఏ పిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త?

పరీక్ష అందరికీ కావాలి. ఎందుకంటే ఏ కారణమూ కనిపించని ఇళ్లలో కూడా ఈ లోపంతో పిల్లలు పుడతారు. అయితే కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా అసలు ఆలస్యం చేయొద్దు.

• కుటుంబంలో ఎవరికైనా చిన్నప్పటి నుంచి వినికిడి లోపం ఉంటే
• మేనరికం, దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి అయితే
• గర్భంతో ఉన్నప్పుడు తల్లికి ఒంటి మీద దద్దుర్లతో జ్వరం (రుబెల్లా లాంటివి) వస్తే
• బిడ్డ బరువు కిలోన్నర కంటే తక్కువగా పుడితే
• పుట్టగానే ఏడవకపోతే, నవజాత శిశు వార్డులో అయిదు రోజులకు మించి ఉంటే
• కామెర్లు బాగా ఎక్కువై రక్తం మార్చాల్సి వస్తే
• మెదడువాపు, మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ వస్తే
• జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు వాడాల్సి వస్తే
• చెవి ఆకారం, ముఖం, అంగిలిలో పుట్టుకతో తేడా ఉంటే

ఒక మాట. మేనరికం చేసుకున్నారని కోడలినో కొడుకునో నిందించడానికి ఈ జాబితా రాయలేదు. మేనరికం చేసుకున్న చాలామంది పిల్లలకు చెవులు బాగానే ఉంటాయి. మీ బిడ్డకు పరీక్ష ఎంత తొందరగా కావాలో మీకు తెలియడానికే ఇది. అలాగే ఆ ఇంజెక్షన్లు బిడ్డ ప్రాణం కాపాడడానికి ఇచ్చినవి. వాటిని వద్దనకండి. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు ఉంటాయి, ఆ కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

ఇంట్లో ఏం గమనించాలి?

మొదటి పరీక్ష బాగానే ఉన్నా కొందరికి లోపం తర్వాత రావచ్చు. కాబట్టి బిడ్డ పెరిగే కొద్దీ గమనిస్తూ ఉండాలి.

3 నెలలలోపు: పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడాలి. ఏడుస్తున్నప్పుడు, మీరు కనిపించకుండా మాట్లాడినా కాసేపు ఊరుకోవాలి.

6 నెలలకు: శబ్దం వచ్చిన వైపు కళ్లు, తల తిప్పాలి. గిలక్కాయ చప్పుడును ఇష్టపడాలి.

9–10 నెలలకు: "బాబాబా", "తాతాతా", "మామామా" అంటూ ఉండాలి. పేరు పెట్టి పిలిస్తే చూడాలి.

ఏడాదికి: "అమ్మ", "అత్త", "తాత" లాంటి ఒకటి రెండు మాటలు రావాలి. "టాటా చెప్పు" అంటే, మీరు చెయ్యి ఊపకపోయినా, అర్థం కావాలి.

ఏడాదిన్నరకు: కొన్ని మాటలు సొంతంగా అనాలి. "బంతి తే" లాంటి చిన్న పని చెబితే చేయాలి.

రెండేళ్లకు: "అమ్మ రా", "పాలు ఇవ్వు" లాంటి రెండు మాటలు కలిపి అనాలి.

ఇక్కడ చాలామంది మోసపోయే విషయం ఒకటి ఉంది. వినిపించని పిల్లలు కూడా మొదటి నెలల్లో "ఊ… ఆ…" అంటూ ఉంగా ఉంగా కొడతారు. ఆరు నెలలు దాటాక మామూలు పిల్లల కూతలు పెరుగుతాయి, వీళ్లవి తగ్గిపోతాయి. "మొదట్లో బాగా ఊ కొట్టేది, ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటోంది" అని మీకు అనిపిస్తే అది పెద్ద సూచన. అది బుద్ధిమంతురాలైందని కాదు. వెంటనే చూపించండి.

పరీక్ష ఎలా చేస్తారు? నొప్పి ఉంటుందా?

ఉండదు. సూది లేదు, రక్తం తీయరు.

మొదటి పరీక్ష – ఓఏఈ: చెవి రంధ్రంలో మెత్తని చిన్న మొన పెడతారు. అది సన్నని శబ్దం పంపుతుంది. లోపలి చెవి బాగుంటే దాని నుంచి చిన్న ప్రతిధ్వని తిరిగి వస్తుంది. మిషన్ దాన్ని పట్టుకుంటుంది. బిడ్డ నిద్రలో ఉంటే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

ఫలితం రెండు రకాలు. "పాస్" అంటే ఇప్పటికి బాగుంది. "రెఫర్" అంటే మళ్లీ చూడాలి. రెఫర్ అనగానే బిడ్డకు చెవుడు అని అర్థం కాదు. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో చెవిలో ఉమ్మనీరు, తెల్లని పదార్థం ఉండిపోయి కూడా అలా రావచ్చు. చాలామంది పిల్లలు రెండోసారి పాస్ అవుతారు. కానీ ఆ రెండో పరీక్షకు వెళ్లకపోవడమే అసలు ప్రమాదం. "మళ్లీ రమ్మన్నారు, బాగానే ఉంది కదా అని పోలేదు" అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు.

పూర్తి పరీక్ష – బెరా: నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అంటిస్తారు. చెవిలో శబ్దం వినిపించి, అది నరం ద్వారా మెదడు వరకు చేరుతోందా, ఎంత శబ్దానికి చేరుతోంది అని చూస్తారు. షాక్ కొట్టడం లాంటిదేమీ ఉండదు. నవజాత శిశు వార్డులో ఎక్కువ రోజులు ఉన్న పిల్లలకు ఓఏఈ ఒక్కటే సరిపోదు. లోపలి చెవి బాగుండి నరంలో తేడా ఉంటే ఓఏఈలో దొరకదు. వాళ్లకు బెరా కూడా చేయమని అడగండి.

బెరాకు వెళ్లేటప్పుడు: బిడ్డ గాఢనిద్రలో ఉండాలి. ఆ రోజు పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోకుండా చూసుకోండి. తలస్నానం చేయించండి, తలకు నూనె రాయకండి. నిద్రమందు ఇవ్వాల్సి వస్తుందేమో, ఎప్పుడు పాలు పట్టాలో ముందే ఫోన్ చేసి అడగండి. మీ అంతట మీరు ఏ నిద్రమందూ ఇవ్వకండి.

ఎక్కడికి వెళ్లాలి?

పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను తొందరగా గుర్తించి ఉచితంగా చికిత్స చేయించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) 2013 నుంచి అమలవుతోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. ఈ జాబితాలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. దారి ఇలా ఉంటుంది:

మొదటి మెట్టు – కాన్పు అయిన ఆసుపత్రి: డిశ్చార్జికి ముందే అడగండి: "మా బిడ్డకు చెవి పరీక్ష అయిందా? ఫలితం కాగితం మీద రాసివ్వండి." అక్కడ మిషన్ లేకపోతే ఎక్కడ చేస్తారో రాయించుకోండి.

రెండో మెట్టు – ఆశా కార్యకర్త: ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా మీ ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. అప్పుడు చెవి పరీక్ష సంగతి మీరే గుర్తు చేయండి.

మూడో మెట్టు – అంగన్‌వాడీ: ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఏడాదికి ఒకసారి వస్తుంది. వాళ్లు వచ్చే రోజు టీచర్‌ను అడిగి తెలుసుకోండి. ఆ రోజు బిడ్డను తప్పకుండా తీసుకెళ్లి మీ అనుమానం చెప్పండి. అయితే అనుమానం ఉన్నప్పుడు వాళ్ల రాక కోసం నెలల తరబడి ఎదురుచూడొద్దు.

నాలుగో మెట్టు – జిల్లా సత్వర చికిత్సా కేంద్రం (డీఈఐసీ): జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ కేంద్రాలు ఉంటాయి. పిల్లల వైద్యులు, వినికిడి–మాట నిపుణుల సేవలు ఇక్కడ అందించాలన్నది ఉద్దేశం. మీ పీహెచ్‌సీ లేదా ఆర్‌బీఎస్‌కే బృందం రాసిచ్చిన చీటీతో వెళితే పని సులువు.

అయిదో మెట్టు – పెద్ద ఆసుపత్రి: హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వినికిడి పరీక్షల కోసం, శస్త్రచికిత్సల కోసం జిల్లాల నుంచి పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. పరీక్షలు, వినికిడి మిషన్లు, మాట శిక్షణ ఒకేచోట దొరుకుతాయి.

ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోతే ఆరోగ్య సలహా నంబరు 104కు ఫోన్ చేయండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం, పాత పరీక్షల రిపోర్టులు, తల్లిదండ్రుల ఆధార్, బిడ్డ జనన ధ్రువపత్రం, ఆహార భద్రత కార్డు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు, ఫోన్‌లో ఫొటోలు ఉంచుకోండి. కాగితం పోతే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. అలా ఒక నెల పోతుంది.

లోపం ఉందని తేలితే?

ఆ రోజు కాళ్లూచేతులూ ఆడవు. కన్నీళ్లు వస్తాయి. రావడం సహజం. కానీ ఇంటికి వచ్చి నాలుగు నెలలు ఆలోచించకండి. మూడో గడువు ముందుంది.

వినికిడి మిషన్: చాలామంది పిల్లలకు మొదట ఇదే పెడతారు. మూడు నాలుగు నెలల బిడ్డకు కూడా పెట్టొచ్చు. "ఇంత చిన్నదానికి మిషనా?" అని జంకొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ ఉండాలి.

• చెవిలో పెట్టే అచ్చు బిడ్డ పెరిగే కొద్దీ వదులవుతుంది. మొదటి ఏళ్లలో కొన్ని నెలలకొకసారి కొత్త అచ్చు తీయించాలి. మిషన్ కీచుమంటూ ఉంటే అచ్చు వదులైందేమో చూపించండి.
• మిషన్‌కు నీళ్లు, చెమట, నూనె తగలకూడదు. స్నానానికి ముందు తీసేయండి. రాత్రి తేమ పీల్చే పొట్లం ఉన్న డబ్బాలో పెట్టండి.
• రోజూ పొద్దున బ్యాటరీ చూడండి. బ్యాటరీ అయిపోయిన మిషన్ చెవిలో ఉంటే బిరడా పెట్టినట్టే.
• చిన్న బ్యాటరీలు పిల్లలు మింగితే ప్రాణాపాయం. అందకుండా పెట్టండి. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

కాక్లియర్ ఇంప్లాంట్: లోపం బాగా ఎక్కువగా ఉండి, మిషన్ పెట్టినా ఉపయోగం లేదని తేలితే వైద్యులు ఈ శస్త్రచికిత్స చెబుతారు. లోపలి చెవిలోకి సన్నని తీగ పంపి, చెవి వెనక చర్మం కింద ఒక భాగం అమరుస్తారు. బయట ఇంకో భాగం పెట్టుకోవాలి. మామూలుగా బిడ్డకు ఏడాది వచ్చే సమయానికి చేస్తారు. శస్త్రచికిత్స అయిన కొన్ని వారాలకు మిషన్ ఆన్ చేస్తారు.

ఆన్ చేయగానే బిడ్డ మాట్లాడడు. ఆ రోజు అతనికి వినికిడి పుట్టినరోజు. ఇక అక్కడి నుంచి నేర్చుకోవాలి. మిషన్‌ను బిడ్డకు తగ్గట్టు సరిచేయించుకోవడానికి, మాట శిక్షణకు చాలాసార్లు వెళ్లాలి. ఏడాది, రెండేళ్లు పడుతుంది. శస్త్రచికిత్స సగం పని. మిగతా సగం శిక్షణ. రెండో సగం వదిలేస్తే మొదటి సగం వృథా అవుతుంది. శస్త్రచికిత్సకు ముందు న్యుమోకోకల్ టీకా వేశారో లేదో అడగండి. తర్వాత ఎప్పుడు ఎమ్మారై స్కాన్ రాసినా ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఆర్‌బీఎస్‌కే: గుర్తించడం, పై ఆసుపత్రికి పంపడం, చికిత్స ఉచితం.

రాజీవ్ ఆరోగ్యశ్రీ: కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స, ఆ తర్వాత మాట శిక్షణ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. ఇంప్లాంట్‌కు వయసు నిబంధన ఉంటుంది. అందుకే మాటి మాటికీ చెబుతున్నాం, ఆలస్యం చేస్తే డబ్బులిచ్చే పథకం ఉన్నా బిడ్డ వయసు దాటిపోతుంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఆ రోజుకు అమల్లో ఉన్న వయసు, కాగితాల వివరాలు అడగండి.

ఏడీఐపీ పథకం: ఇది కేంద్ర ప్రభుత్వ పథకం. ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా వినికిడి మిషన్లు ఇస్తారు. పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకు 1 నుంచి 5 ఏళ్ల వయసులో కాక్లియర్ ఇంప్లాంట్‌కు కూడా సాయం ఉంది. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ కేంద్రంలో అడగండి. ఆదాయ ధ్రువపత్రం కావాలి, మీసేవలో ముందే తీసుకుని ఉంచండి.

ఒప్పుకునే ముందు ఇంకో ప్రశ్న తప్పక అడగండి: "బయటి మిషన్ పాడైతే, తీగ తెగితే, వారంటీ అయిపోతే ఎవరు బాగుచేస్తారు? ఎంత అవుతుంది?" జవాబు కాగితం మీద రాయించుకోండి. వారంటీ చివరి తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

ఇంటి బడి – అమ్మే మొదటి టీచర్

శిక్షణ కేంద్రంలో వారానికి ఒకటి రెండు గంటలు ఉంటారు. మిగతా గంటలన్నీ మీ దగ్గరే. దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు.

• ముందు వినిపించండి, తర్వాత చూపించండి. కుక్కర్ కూత వచ్చిందా? చెవి మీద వేలు పెట్టి "విన్నావా? కుక్కర్!" అనండి. అప్పుడు పొయ్యి దగ్గరకు తీసుకెళ్లండి.
• చేసే ప్రతి పనికీ మాట కలపండి. "నీళ్లు పోస్తున్నా. చల్లగా ఉన్నాయా? చెయ్యి ఇవ్వు. ఇంకో చెయ్యి."
• దగ్గరగా, బిడ్డ ఎత్తులో కూర్చుని, మామూలు గొంతుతో మాట్లాడండి. అరవొద్దు. అరిస్తే మాట చెదురుతుంది.
• మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. ఫోన్‌లో పాటలు పెట్టి వదిలేస్తే మాటలు రావు.
• బిడ్డ ఒక కూత కూస్తే మీరూ కూయండి. ఆగండి. జవాబు ఇవ్వడానికి సమయం ఇవ్వండి.
• జోలపాట పాడండి. గొంతు బాగా లేదని మానొద్దు, బిడ్డకు ఆ సంగతి పట్టదు.
• ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. తెలుగైనా, ఉర్దూ అయినా, లంబాడీ అయినా, గోండీ అయినా సరే.

ఈ పనంతా తల్లి ఒక్కతి మీదే వేయకండి. నాన్న పొద్దున బ్యాటరీ చూడొచ్చు. తాత సాయంత్రం పక్షుల పేర్లు చెప్పొచ్చు. అన్నాచెల్లెళ్లు ఆడుతూ నేర్పొచ్చు.

సంజ్ఞా భాష నేర్పితే మాట రాదా?

ఇది పాత భయం. ఇంప్లాంట్ అందరికీ కుదరదు. కొందరికి నరమే సరిగా ఏర్పడదు, కొందరు ఆలస్యంగా వస్తారు. మిషన్ పెట్టినా కొందరికి మాట పూర్తిగా అందదు. అలాంటి బిడ్డకు భాషే లేకుండా పెంచడం కంటే అన్యాయం లేదు. భారతీయ సంజ్ఞా భాష ఒక పూర్తి భాష. సంజ్ఞలు నేర్చుకోవడం వల్ల బిడ్డ మాట చెడిపోదు. ఇంటిల్లిపాదీ నేర్చుకుంటే బిడ్డ ఒంటరి కాడు. చెవితోనో చేతితోనో, చిన్న వయసులోనే ఏదో ఒక భాష బిడ్డకు నిండుగా అందాలి. అదే ముఖ్యం.

ధ్రువపత్రం, పెన్షన్, చదువు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 డెసిబెల్స్ ఉంటే వినికిడి తక్కువగా ఉన్నవారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది.

• వైకల్య నిర్ధారణ శిబిరానికి స్లాట్ తీసుకోండి. బెరా రిపోర్టు వెంట ఉండాలి. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది. చిన్నపిల్లలకు తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తే దాని గడువు చూసుకోండి.
• అర్హత మేరకు శాతం నమోదైతే దివ్యాంగుల పెన్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో ఇది 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. గ్రామాల్లో ఎంపీడీఓ కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయంలో అడగండి.
• ధ్రువపత్రంలో 40 శాతం, ఆపైన లోపం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు చట్టం ఇచ్చిన హక్కు. మామూలు బడిలో చేర్చవచ్చు. మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్ మలక్‌పేటలో ప్రభుత్వ బధిరుల పాఠశాల ఉంది.

ధ్రువపత్రం కోసం చికిత్స ఆపొద్దు. "మిషన్ పెడితే పెన్షన్ పోతుందేమో" అని వెనక్కి తగ్గొద్దు. బిడ్డ మాట ముందు, మిగతాది తర్వాత.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

వస పోస్తే మాటలు వస్తాయంటారు కదా?
మాట రావాలంటే ముందు వినిపించాలి. వస చెవిని బాగుచేయదు. చంటిబిడ్డకు అది హాని కూడా చేయవచ్చు. వద్దు.

నాలుక కింద తీగ కోయిస్తే సరిపోతుందా?
నాలుక అంటుకుని ఉంటే పాలు తాగడంలో, కొన్ని అక్షరాలు పలకడంలో ఇబ్బంది రావచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. ముందు చెవి పరీక్ష.

చెవిలో నూనె, చనుబాలు, ఆకు పసరు పోయొచ్చా?
ఏదీ పోయొద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, పుల్లలు పెట్టొద్దు. చీము కారుతుంటే డాక్టర్‌కు చూపించండి. బిడ్డను పడుకోబెట్టి పాలు పట్టకుండా తల కాస్త ఎత్తులో పెట్టి పట్టండి.

ఒక చెవే వినిపించకపోతే?
మాట వస్తుంది. కానీ శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియదు, గోలలో వినడం కష్టం. రెండో చెవిని కాపాడుకోవాలి. క్రమం తప్పకుండా చూపించండి.

ఆడపిల్లకు చెవి మిషన్ పెడితే రేపు పెళ్లి ఎలా?
చెవి మిషన్ దాచొచ్చు, రాని మాటను దాచలేం. మాట వచ్చి, చదువు వచ్చి, తన కాళ్ల మీద తాను నిలబడ్డ అమ్మాయికి దారులు తెరుచుకుంటాయి.

రాకుండా ఆపగలిగేవి

పిల్లల్లో వినికిడి లోపాలకు కారణాల్లో దాదాపు 60 శాతం నివారించగలిగినవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ చేతిలో ఉన్నవి ఇవి:

• ఎంఆర్ టీకా: 9–12 నెలల మధ్య ఒకటి, 16–24 నెలల మధ్య ఒకటి. తట్టు నుంచి, రుబెల్లా నుంచి కాపాడుతుంది. ఈరోజు మీ పాపకు వేసిన ఈ టీకా రేపు ఆమె కడుపులో పెరిగే బిడ్డ చెవులను కూడా కాపాడుతుంది.
• గర్భిణిగా నమోదు, క్రమం తప్పని పరీక్షలు, ఆసుపత్రిలో కాన్పు
• గర్భంతో ఉన్నప్పుడు సొంతంగా మందులు కొనుక్కోకపోవడం
• బిడ్డకు కామెర్లు కనిపిస్తే ఎండలో పెట్టి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం
• చెవి నుంచి చీము కారితే మొదటి రోజే చూపించడం

ఈ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి

□ చెవి పరీక్ష చేయించాం. ఫలితం కాగితం మీద ఉంది.
□ రెఫర్ వస్తే రెండో పరీక్ష తేదీ రాసుకున్నాం.
□ కార్డు మీద మూడు గడువులు రాశాం: 1 నెల, 3 నెలలు, 6 నెలలు.
□ రిపోర్టులన్నీ ఒకే కవర్‌లో ఉన్నాయి.
□ పాస్ అయినా మాటలు వస్తున్నాయో లేదో గమనిస్తున్నాం.

చివరగా ఒక మాట. బిడ్డను రోజంతా చూసేది అమ్మ. "వీడికి సరిగా వినిపించడం లేదేమో" అని ఆమెకు అనిపిస్తే, నీది అనవసర భయం అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయకండి. ఆమెతో పాటు ఆసుపత్రికి నడవండి. పరీక్షలో అంతా బాగుందని తేలితే పోయేది ఒక పూట పని. లోపం ఉందని తేలితే బిడ్డకు దక్కేది జీవితమంతా పనికొచ్చే మాట.

మీ వీధిలో, మీ చుట్టాల్లో ఎవరింట్లో చంటిబిడ్డ ఉన్నా ఈ పీడీఎఫ్‌ను వాళ్లకు పంపండి. చదవడం రానివాళ్లుంటే మీరే చదివి వినిపించండి.